ఇరవై ఎనిమిదేళ్లు ఆలస్యంగా చప్పట్లు!

పాత హిందీ సినిమా రికార్డులంటే ఎడో బౌమన్‌కి పిచ్చి. ఊరు నెదర్లాండ్స్. వీలైనప్పుడల్లా ఇండియాకి రావడం, పాత దుకాణాల్లో దుమ్ము కొట్టుకుపోయిన గ్రామఫోన్ రికార్డుల దొంతరలు తిరగేయడం... అదీ ఆయన సరదా. 2002లో అలాగే ఢిల్లీ వచ్చాడు. ఓ దుకాణంలో వెతుకుతుంటే హెచ్ఎంవీ ముద్ర ఉన్న ఎల్పీ ఒకటి చేతికి తగిలింది. దాని మీద ‘సింథసైజింగ్: టెన్ రాగాస్ టు ఎ డిస్కో బీట్’ అని ఉంది. డిస్కో దరువుకి పది రాగాలట! వాయించిందెవరో చరణ్‌జిత్ సింగ్ అట. పేరు చూస్తేనే నవ్వొచ్చేలా ఉంది కదూ. కొనేశాడు.

హోటల్ గదికెళ్లి, వెంట తెచ్చుకున్న చిన్న ప్లేయర్ మీద పెట్టాడు. అంతే... కొయ్యబారిపోయాడు. యూరప్ కుర్రకారు తెల్లవార్లూ ఊగిపోయే ‘యాసిడ్ హౌస్’ సంగీతం ఉంటుందే, అచ్చం అలాగే ఉంది! ఎవరో ఇండియన్ ఆ సంగీతాన్ని అనుకరించాడనుకోవచ్చు. కానీ రికార్డు మీదున్న సంవత్సరం 1982. షికాగోలో యాసిడ్ హౌస్ మొట్టమొదటి రికార్డుగా అందరూ చెప్పుకునేది విడుదలైంది 1987లో. అంటే ఇది దానికన్నా అయిదేళ్లు ముందుది!

ఆ ఎల్పీని బౌమన్ తన ‘బాంబే కనెక్షన్’ సంస్థ తరఫున 2010లో మళ్లీ విడుదల చేశాడు. విమర్శకుల ప్రపంచంలో అప్పుడు మొదలైన గొడవ ఇంతా అంతా కాదు. ఇది నిజమైన రికార్డేనా, ఎవరైనా ఆటపట్టిస్తున్నారా? నిజమైతే యాసిడ్ హౌస్ పుట్టిందెక్కడ... షికాగోలోనా, బొంబాయిలోనా? ఇన్నాళ్లూ ఈ మనిషి ఎక్కడున్నట్టు?

పేరు కనిపించని చేతులు

ఆయన ఎక్కడికీ వెళ్లలేదు. ముంబయిలోనే ఉన్నారు.

1940లో పుట్టిన చరణ్‌జిత్ సింగ్ బొంబాయి సినిమా ఆర్కెస్ట్రాల్లో వాయిద్యకారుడు. అరవైల నుంచి ఎనభైల దాకా శంకర్ జైకిషన్, ఎస్.డి.బర్మన్, ఆర్.డి.బర్మన్, లక్ష్మీకాంత్ ప్యారేలాల్... ఇలా మహామహుల రికార్డింగుల్లో పాల్గొన్నారు. బేస్ గిటార్, స్టీల్ గిటార్, తర్వాత సింథసైజర్... కొత్త వాద్యం ఏది వచ్చినా ముందు ఆయన చేతికి రావాల్సిందే. 1971లో వచ్చిన ‘హరే రామా హరే కృష్ణా’లో ‘దమ్ మారో దమ్’ పాట వింటే మత్తుగా సాగే ఓ శ్రుతి వెంటాడుతూ ఉంటుంది. ట్రాన్సికార్డ్ అనే ఎలక్ట్రానిక్ అకార్డియన్ మీద ఆ నాదం పలికించింది ఆయనే. దేశమంతా ఆ పాట పాడుకుంది. వాయించిందెవరని ఎంతమంది అడిగారు? సినిమా సంగీతంలో వాద్యకారుడి జాతకమే అంత. బాణీ సంగీత దర్శకుడిది, గొంతు గాయకుడిది, పెదాలు హీరోయిన్‌వి. మిగిలినవాళ్లు ఆ రోజు షిఫ్టు డబ్బులు తీసుకుని లోకల్ రైలెక్కడమే.

ఇవిగాక హిట్ సినిమా పాటల బాణీలు వాద్యాల మీద వాయించిన ఎల్పీలు చేశారు. సొంత బృందంతో పెళ్లిళ్లకీ పార్టీలకీ వాయించారు. రాబడికి లోటు లేదు. కానీ వాయించిందంతా ఇంకొకరి సంగీతం. ఆ అసంతృప్తి లోపల ఎక్కడో ఉన్నట్టుంది.

తబలా తీసేసి...

అది డిస్కో కాలం. 1980లో ‘కుర్బానీ’, 1981లో నాజియా హసన్ ‘డిస్కో దీవానే’, 1982లో బప్పీ లహిరి ‘డిస్కో డ్యాన్సర్’... దేశం మొత్తం తళుకుల చొక్కాలేసుకుని ఊగిపోతోంది. మన తెలుగిళ్లలో అప్పటికింకా ‘శంకరాభరణం’ ప్రభావం తగ్గలేదు. అర్ధరాత్రి గిటార్లతో గోల చేసే కుర్రాళ్లకి శంకరశాస్త్రి గడ్డి పెట్టే సన్నివేశానికి హాల్లో చప్పట్లు మోగిన రోజులవి. శాస్త్రీయ సంగీతం ఒక ఒడ్డు, పాశ్చాత్య దరువు మరో ఒడ్డు. రెండింటికీ మధ్య పడవ వేయడమంటే అటువాళ్లతోనూ ఇటువాళ్లతోనూ తిట్లు తినడమే.

సరిగ్గా ఆ సమయంలో చరణ్‌జిత్‌కి ఓ ఆలోచన వచ్చింది. సినిమాల్లో అందరూ డిస్కోనే చేస్తున్నారు, అదే డిస్కోతో వేరేదేదైనా చేస్తే? రాగం అలాగే ఉంటుంది. తబలా తీసేసి ఆ స్థానంలో డిస్కో దరువు పెడితే? అప్పటికే ఆయన దగ్గర జపాన్ కంపెనీ రోలండ్ తయారుచేసిన మూడు కొత్త యంత్రాలున్నాయి. జూపిటర్-8 అనే ఖరీదైన కీబోర్డు, టీఆర్-808 అనే డ్రమ్స్ యంత్రం, టీబీ-303 అనే బేస్ యంత్రం. మూడింటినీ ఒకదానితో ఒకటి కలిపి ఒకే లయలో నడిపించొచ్చు. ఇంట్లో కూర్చుని సాధన చేశారు. బావుందనిపించింది. హెచ్ఎంవీ స్టూడియోకి వెళ్లి రికార్డు చేశారు.

రికార్డు పెట్టగానే యంత్రం గొంతుతో ‘ఓం నమః శివాయ’ వినిపిస్తుంది. ఆ వెంటనే దరువు. ఇక ఒక్కో రాగం అటూఇటూగా అయిదేసి నిమిషాలు. హిందుస్తానీ పేర్లు చూసి మనకేం తెలుసులే అనుకోనక్కర్లేదు. భూపాలీ అంటే మన మోహన. యమన్ అంటే కల్యాణి. మాల్కౌంస్ అంటే హిందోళం. కళావతి మన వలజి, బైరాగి మన రేవతి. హిందుస్తానీ తోడి మాత్రం మన తోడి కాదు, దాని స్వరాలు మన శుభపంతువరాళివి. మేఘ్ మల్హార్ వింటే మధ్యమావతి గుర్తుకొస్తుంది. అంటే పిల్లలకి సంగీతం నేర్పించే ఏ తెలుగింట్లోనైనా ఈ ఎల్పీ పెడితే, రెండు నిమిషాల్లో ‘ఇది మోహన కదూ’ అని వంటింట్లోంచి ఓ గొంతు వినిపించడం ఖాయం. ‘ఆ దరువేమిట్రా కర్మ’ అని ఇంకో గొంతు వినిపించడమూ ఖాయమే!

అప్పట్లో ఆ రెండో గొంతే గెలిచింది. డిస్కో కావాలనుకున్నవాళ్లకి ఇందులో పాట లేదు. రాగం కావాలనుకున్నవాళ్లకి సితార్ లేదు, తబలా లేదు. రికార్డు అమ్ముడుపోలేదు. పాత సామాన్ల దుకాణాలకి చేరింది. చరణ్‌జిత్ తన పెళ్లి కచేరీలకి వెళ్లిపోయారు.

వెండిరంగు డబ్బా

మూడు యంత్రాల్లో చిన్నదీ, అప్పట్లో ఎవరూ లెక్కచేయనిదీ టీబీ-303. ఒళ్లో పెట్టుకునేంత వెండిరంగు ప్లాస్టిక్ డబ్బా. దాన్ని తయారుచేసిన ఉద్దేశం వేరు. ఒంటరిగా గిటార్ వాయించుకునేవాళ్లకి బేస్ గిటారిస్టు లేని లోటు తీర్చాలన్నది కంపెనీ ఆలోచన. తీరా చూస్తే ఆ శబ్దానికీ బేస్ గిటార్‌కీ పోలికే లేదు. స్వరాలు ఎక్కించడం ఓ పెద్ద ప్రహసనం. కొనేవాళ్లు లేక 1984లో తయారీ ఆపేశారు. సుమారు పదివేలు మాత్రమే తయారయ్యాయంటారు. అవన్నీ సెకండ్‌హ్యాండ్ షాపుల్లో చవగ్గా దొరికేవి.

షికాగోలోని కొందరు నల్లజాతి కుర్రాళ్లు అలాంటిదే ఒకటి సంపాదించారు. ‘ఫ్యూచర్’ అన్నది వాళ్ల బృందం పేరు. డబ్బా ఆడుతుండగానే దాని మీదున్న గుండీలు అటూఇటూ తిప్పడం మొదలుపెట్టారు. స్వరం మూలిగింది, కీచుమంది, నీళ్లలో మునిగి తేలినట్టయింది. ఆ టేపుని రాన్ హార్డీ అనే డీజే తన క్లబ్బులో వేశాడు. మొదటిసారి జనం నేల ఖాళీ చేసి పక్కకి పోయారు. అతను పట్టు వదలకుండా అదే రాత్రి మళ్లీ మళ్లీ వేశాడు. నాలుగోసారికి అందరూ వెర్రెత్తినట్టు ఆడారని కథగా చెప్పుకుంటారు. 1987లో ‘యాసిడ్ ట్రాక్స్’గా విడుదలైంది అదే. మరుసటి ఏడాదికల్లా ఇంగ్లండు ఊగిపోయింది. చవకబారు డబ్బా కాస్తా సంగీతకారులు వేలకి వేలు పోసి కొనే అపురూప వస్తువైపోయింది.

మరి బొంబాయిలో రాగాల కోసం తిప్పిన డబ్బా, షికాగోలో డ్యాన్సు కోసం తిప్పిన డబ్బా ఒకేలా ఎందుకు పలికాయి? యంత్రం ఒకటే కావడం ఒక్కటే కారణం కాదు. అసలు కిటుకు రాగంలో ఉంది. పాశ్చాత్య పాటలో ఆధారంగా ఉండే స్వరసముదాయం, అంటే కార్డ్, మాటిమాటికీ మారుతుంది. మన రాగంలో అది ఉండదు. తంబురా మీద షడ్జమం కదలకుండా నిలబడుతుంది. దాని చుట్టూనే విహారమంతా. యాసిడ్ హౌస్‌లోనూ కార్డ్ మారదు. ఒకే ఆధారం మీద అదే స్వరమాల తిరుగుతూ ఉంటుంది. రెండోది, టీబీ-303లో ‘స్లైడ్’ అనే సౌకర్యం ఉంది. ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి గెంతకుండా జారిపోతుంది. మన సంగీతం మాస్టార్లు ‘జారు’ అంటారే, హిందుస్తానీవాళ్లు ‘మీండ్’ అంటారే... దానికి దగ్గరి చుట్టం. జపాన్ ఇంజినీర్లకి గమకాల గురించి తెలిసి పెట్టారని కాదు. చరణ్‌జిత్ చెవికి మాత్రం తెలుసు.

తేడా కూడా ఉంది. షికాగో కుర్రాళ్లలా ఆయన గుండీలు విపరీతంగా తిప్పలేదు. ఆయన బేస్ కుదురుగా పరుగెడుతూ ఉంటుంది. విన్యాసమంతా జూపిటర్ కీబోర్డు మీదే... వేళ్లు తానాల్లా దూసుకుపోతుంటాయి. చెవి పెట్టి వింటే యంత్రం కింద ఉంది, మనిషి పైన ఉన్నాడు. అసలు యాసిడ్ హౌస్‌లో యంత్రమే విద్వాంసుడు!

ఆటపట్టిస్తున్నారా?

2010లో రికార్డు మళ్లీ బయటికొచ్చినప్పుడు చాలామందికి కలిగిన మొదటి భావం ఆనందం కాదు, అనుమానం. ఇంత పాతదేమిటి, ఇంత కొత్తగా ఉండటమేమిటి? ఎవరో తుంటరి సంగీతకారుడు ఇప్పుడు తయారుచేసి, పాత అట్ట తొడిగి, ఓ ఇండియన్ పేరు తగిలించాడని పుకారు పుట్టింది. బ్రిటన్‌లో ‘అఫెక్స్ ట్విన్’ పేరుతో వాయించే సంగీతకారుడికి ఇలాంటి కొంటె పనులు అలవాటని పేరు. ఇదీ ఆయన పనే అయ్యుంటుందన్నవాళ్లున్నారు. పాపం చరణ్‌జిత్! మొదటిసారి ఎవరూ వినలేదు. రెండోసారి విన్నవాళ్లు ఆయన ఉన్నాడంటేనే నమ్మలేదు.

మనిషి బతికే ఉన్నాడనీ, ముంబయిలోనే ఉన్నాడనీ తేలాక స్వరం మారింది. ప్రశంసలు ముంచెత్తాయి. లండన్ నుంచి వచ్చే ‘గార్డియన్’ పత్రిక 2011లో ఆయనతో మాట్లాడింది. యాసిడ్ హౌస్‌కి తాతయ్య అన్నారు. ఆ బిరుదు అతుక్కుపోయింది. ఆ తర్వాత ఎక్కడ ఆయన పేరు వచ్చినా పక్కనే ‘తాతయ్య’ ఉండాల్సిందే.

తమాషా ఏమిటంటే, యాసిడ్ హౌస్ అనేదొకటుందని తాతగారికి తెలియదు!

తాతయ్య ఎవరికి?

అందరూ చప్పట్లు కొట్టలేదు. కొందరు విమర్శకులు చెయ్యెత్తి ఆగమన్నారు. వాళ్ల వాదన కొట్టిపారేయదగ్గది కాదు.

తాత అనాలంటే మనవడు ఉండాలి కదా. ఈ రికార్డు షికాగో చేరిందనడానికి ఆధారం లేదు. ఫ్యూచర్ బృందం దీన్ని విని నేర్చుకుందనడానికీ ఆధారం లేదు. ఒకే యంత్రంతో ఇద్దరు, ఒకరికొకరు తెలియకుండా, దగ్గరదగ్గరి చోటుకి చేరారు. అంతే తప్ప వంశవృక్షం ఏమీ లేదు. ఆ మాటకొస్తే టీబీ-303ని ముందు వాడినవాళ్లూ చరణ్‌జిత్ ఒక్కరే కాదు. స్కాట్లండ్‌కి చెందిన ఆరెంజ్ జ్యూస్ బృందం 1983లో ఆ డబ్బా శబ్దంతోనే బ్రిటన్‌లో పెద్ద హిట్ కొట్టింది. టీఆర్-808 సంగతి సరేసరి. 1982లోనే అమెరికాలో ఆఫ్రికా బంబాటా ‘ప్లానెట్ రాక్’, మార్విన్ గే ‘సెక్సువల్ హీలింగ్’ ఆ దరువు మీదే నడిచాయి.

భారతీయ మూలాలున్న అమెరికన్ విమర్శకురాలు గీతా దయాళ్ లాంటివాళ్లు ఇంకో వైపు నుంచి చూశారు. ఈ ఆల్బమ్‌ని ఆకాశం నుంచి ఊడిపడ్డ వింతలా చూడొద్దు, అది పుట్టిన డిస్కో కాలంలో, బొంబాయి సినిమా సంగీతంలో పెట్టి చూడమన్నారు. నిజమే కదా. అట్ట మీద ఆయనే రాసుకున్నాడు, డిస్కో అని. ఆయన చెప్పింది వదిలేసి ఆయనకి తెలియని పేరు పెట్టడమెందుకు? బొంబాయిలో కెర్సీ లార్డ్ లాంటివాళ్లు డెబ్భైల్లోనే మూగ్ సింథసైజర్ తెచ్చి సినిమాల్లో వాయించారు. ‘గుర్తుతెలియని భారతీయుడు అనుకోకుండా భవిష్యత్తుని కనిపెట్టాడు’ అన్న కథ పడమటి పాఠకులకి ముచ్చటగా ఉంటుంది. కానీ అనుకోకుండా అన్న మాట దగ్గరే తేడా కొడుతోంది. ఇరవై ఏళ్లు స్టూడియోల్లో రాటుదేలిన మనిషి, పది రాగాలు ఎంచుకుని, మూడు యంత్రాల్ని ఒక తాటి మీదికి తెచ్చి వాయిస్తే అది ‘అనుకోకుండా’ ఎలా అవుతుంది?

గీతా దయాళ్ లాంటివాళ్ల మాటకి బలమిచ్చే సంగతి ఆ తర్వాత మరొకటి బయటపడింది. అహ్మదాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌లో 1969లోనే మూగ్ సింథసైజర్‌తో ఎలక్ట్రానిక్ సంగీత స్టూడియో పెట్టారు. అమెరికన్ సంగీతకారుడు డేవిడ్ ట్యూడర్ వచ్చి దాన్ని ఏర్పాటుచేశాడు. అక్కడ మనవాళ్లు చేసిన ప్రయోగాల టేపులు మూలనపడి ఉండి, 2023లో ఆల్బమ్‌గా వెలుగుచూశాయి. అంటే చరణ్‌జిత్ ఒంటరి తార కాదు. మన దగ్గర ఇలాంటి దుమ్ము పట్టిన అరలు ఇంకెన్ని ఉన్నాయో!

అయితే ఒకటి. బిరుదు తప్పే కావచ్చు. కానీ ఆ తప్పుడు బిరుదే లేకపోతే ఈ రికార్డు గురించి ఇవాళ ఎవరు మాట్లాడేవారు? ‘డిస్కో దరువు మీద హిందుస్తానీ రాగాలు’ అంటే 1982లో ఎవరూ తల తిప్పి చూడలేదు. 2010లోనూ చూసేవారు కాదేమో. ‘యాసిడ్ హౌస్‌కి తాత’ అన్నారు కాబట్టే లోకం చెవి ఇటు తిప్పింది.

ఈ హడావుడిలో పెద్దగా ఎవరూ అడగని ప్రశ్న ఇంకొకటి ఉంది. రాగాలుగా ఇవి బావున్నాయా? తేదీల గొడవ పక్కన పెట్టి వింటే, కొన్ని చోట్ల దరువు ఆగకుండా ఒకే తీరున మోగడం విసుగు పుట్టిస్తుంది. మాల్కౌంస్ లాంటి గంభీరమైన రాగానికి కావాల్సిన తీరిక అయిదు నిమిషాల్లో రాదు. కానీ లలిత్ వినండి. శుద్ధ, ప్రతి మధ్యమాలు రెండూ పక్కపక్కనే పలికే చిత్రమైన రాగం అది. కర్ణాటక సంగీతంలో దానికి సరిజోడు చెప్పడం కష్టం. ఆ రెండు మధ్యమాల మధ్య యంత్రం జారుతుంటే ఒళ్లు జలదరిస్తుంది. అక్కడ డిస్కో గుర్తుకురాదు, షికాగో అసలే గుర్తుకురాదు.

డెబ్భై దాటాక...

ఈ చర్చలన్నీ ఎలా ఉన్నా పెద్దాయనకి ఓ మేలు జరిగింది. వేదిక ఎక్కారు. డెబ్భై ఏళ్లు దాటిన వయసులో యూరప్ వెళ్లి, 1982 నాటి ఆ రాగాల్ని అవే రకం యంత్రాల మీద జనం ముందు వాయించారు. ఆ రికార్డు వచ్చేనాటికి పుట్టను కూడా పుట్టని పిల్లలు యమన్‌కీ మేఘ్ మల్హార్‌కీ చిందులేశారు. రాగం పేరు వాళ్లకి తెలిసుండదు. ఆయనకి వాళ్ల డ్యాన్సు పేరు తెలియనట్టే!

2015 జులైలో ముంబయిలో ఆయన కన్నుమూశారు. సినిమా పాటల్లో వాయించిన వందలాది రికార్డింగుల కన్నా, విదేశీ పత్రికల నివాళుల్లో ముందు నిలిచింది ఒకప్పుడు అమ్ముడుపోని ఆ ఎల్పీనే.

తాతయ్య బిరుదు గురించి విలేకర్లు ఎన్నిసార్లు గుచ్చి గుచ్చి అడిగినా ఆయన పెద్దగా పట్టించుకున్నట్టు కనిపించదు. తబలా తీసి డిస్కో పెట్టాను, బావుంది అన్న ధోరణిలోనే జవాబులుండేవి. కానీ చేసిన పనుల్లో ఏది గొప్పదంటే మాత్రం ‘గార్డియన్’తో తడుముకోకుండా ఈ ఆల్బమ్ పేరే చెప్పారు. మిగిలినవన్నీ వేరేవాళ్ల సినిమా పాటలు, తాను వాయించానంతే... ఇది మాత్రం తాను సొంతంగా కూర్చినది అని.